పొట్ట చూడటం

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, మీరు చేసినవాటిలో అన్నిటికంటే కష్టమైంది ఏదండీ అని అడుగుతుంటారు. గాలికి ఎగిరే పట్టుచీర అనో, డాక్టర్లు ఆపరేషన్ నేర్చుకోవడానికి చేసిన కాలేయం అనో చెబుతానని వాళ్ళ ఆశ. శీలావతి చేప పొట్ట అని చెబితే నవ్వుతారు. నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. ఆ పొట్ట దగ్గర నేను చేసిన తప్పులాంటిది మీరూ ఎప్పుడో ఒకప్పుడు చేస్తారు. అప్పుడు ఈ ముసలమ్మ గుర్తొస్తే చాలు.

ముందు నా సంగతి కొంచెం. మాది తాడేపల్లిగూడెం. నాన్నగారు హైస్కూల్లో తెలుగు పండితులు. మా ఇంట్లో ఉల్లిపాయకే వారంలో రెండు రోజులు ప్రవేశం ఉండేది కాదు. చేప అన్నమాట మత్స్యావతారం దగ్గర తప్ప వినపడేది కాదు. నేను లెక్కలు చదువుకుని, ఇంజనీరింగ్ కాలేజీలో ఇరవై ఏళ్ళకు పైగా ఆ లెక్కలే చెప్పాను. ఆ తరవాత నా శిష్యుడొకడు వట్లూరులో చిన్న కంపెనీ పెట్టి, "మేడమ్, మీరు బోర్డు మీద రాసి చెరిపేసేవన్నీ మా కంప్యూటర్లకి కావాలి, వచ్చెయ్యండి" అన్నాడు. వెళ్ళాను. కింద హాస్టల్ పిల్లల మెస్సు, పైన మూడు గదుల మా ఆఫీసు. పదకొండింటికల్లా సాంబారు వాసన మెట్లెక్కి వచ్చేది.

మా పని ఏమిటంటే, వంగే వస్తువులు తెర మీద నిజంగా వంగుతున్నట్టు కనిపించేలా చెయ్యడం. గట్టి వస్తువులతో పేచీ లేదు. ఇటుక ఎక్కడ పడినా ఇటుకే. మెత్తటి వస్తువు ముట్టుకున్న చోట లొంగుతుంది, లొంగిన మేర పక్కన ఉబ్బుతుంది, వదిలితే మెల్లగా తన ఆకారానికి తాను వస్తుంది. సినిమావాళ్ళయితే ఇదంతా రోజుల తరబడి లెక్కగట్టి ఆ తరవాత బొమ్మ చూపిస్తారు. మాకు అలా కుదరదు. మనిషి వేలు పెట్టిన క్షణంలోనే జవాబు రావాలి. అందుకని వస్తువుని వేల చుక్కలుగా విడగొట్టి, చుక్కకీ చుక్కకీ మధ్య స్ప్రింగులున్నట్టు ఊహించుకుంటాం. ఆ స్ప్రింగులు ఎంత బిగువుగా ఉండాలన్నది ఒక సంఖ్య. నా రెండో ఉద్యోగమంతా అలాంటి సంఖ్యల కోసం వెతుకులాటే.

కైకలూరు వైపు చేపపిల్లల్ని పుట్టించే హేచరీలున్నాయి. వానలు మొదలవగానే తల్లి చేపల్ని చెరువులోంచి పట్టి, గుడ్డు పండిందో లేదో చూసి, పండినవాటికే ఇంజక్షన్ చేస్తారు. పండని చేపకి సూది వేస్తే గుడ్డు రాదు, ఒక్కోసారి చేపా దక్కదు. పండిందా లేదా అన్నది పొట్టని బట్టి తేల్చాలి. ఈ పనిని అక్కడ పొట్ట చూడటం అంటారు. కొత్తవాళ్ళు నేర్చుకునే పేరుతో ఇష్టం వచ్చినట్టు నొక్కి తల్లి చేపల్ని పాడుచేస్తున్నారని, ఒక శిక్షణ కేంద్రం వాళ్ళు మా శిష్యుణ్ణి కలిశారు. బతికున్న చేప జోలికి పోకుండా కంప్యూటర్ చేప మీద నేర్పాలని వాళ్ళ ఆలోచన.

పొట్ట చూడటం అంటే నొక్కి చూడటమేనని మేం అనుకున్నాం. అసలు అనుకున్నామని కూడా తెలియనంత సహజంగా అనుకున్నాం. అందుకే తెరతోపాటు ఒక యంత్రపు చెయ్యి తెప్పించాం. బల్ల మీద పెట్టుకునే చిన్న పరికరం అది. దాని కొసనున్న తొడుగులో వేలు పెట్టి కదిపితే తెర మీద చిన్న వేలు కదులుతుంది. ఆ వేలు చేపకి తగిలినప్పుడల్లా లోపలి మోటార్లు మన వేలిని వెనక్కి నెడతాయి. నిజంగా ముట్టుకున్నట్టే ఉంటుంది. వచ్చిన రోజు నేను దానితో గంటసేపు ఆడుకున్నాను. కింద మెస్సులో కుక్కర్ కూతలు కూడా వినపడలేదు.

ఈ పని మీద ఉన్నది ముగ్గురమే. నేను, మా శిష్యుడు, బొమ్మలు వేసే ఏలూరు అమ్మాయి. చేప పొలుసుల మీద వెలుతురు జారడం ఆ అమ్మాయి ఎంత బాగా వేసిందంటే, నాకు ఆ తెర దగ్గర నీచు వాసన వస్తున్నట్టే ఉండేది. ఒకరోజు అడిగాను, "నువ్వు చేపలు తింటావు కదమ్మా, పొట్ట ఎంత మెత్తగా ఉంటుందో చెప్పు" అని. "తింటానండి మేడమ్, కానీ నాకు పులుసులోనే పరిచయం. బతికున్నదాన్ని ఎప్పుడు పట్టుకున్నాను?" అంది. శిష్యుడిది భీమవరం దగ్గర వరి రైతుల కుటుంబం. వాడికీ చేప కంచంలోనే తెలుసు. ముగ్గురిలో ఒక్కరం కూడా ప్రాణమున్న చేపని చేత్తో పట్టుకోకుండా, ఏడాది పాటు దాని పొట్ట తయారుచేశాం.

మరి సంఖ్య ఎక్కణ్ణుంచి వచ్చింది? మా వంటింట్లోంచి. చపాతీ పిండి ముద్ద కలిపి, మీద తూకపు రాళ్ళు పెట్టి, ఎంత లోపలికి దిగిందో కొలిచాను. ప్లాస్టిక్ కవర్లో నీళ్ళు పోసి ముడేసి కొలిచాను. మావారు ఒక వారమంతా చపాతీలే తిన్నారు, ఎందుకో అడగలేదు, పాపం.

ఇప్పుడొక్క సాంకేతిక విషయం చెబుతాను. అది తెలియకపోతే నా తప్పేమిటో మీకు అర్థం కాదు. కన్ను మంచిది, సెకనుకి అరవై బొమ్మలు చూపిస్తే నమ్మేస్తుంది. వేలు అలా కాదు. సెకనుకి వెయ్యిసార్లు లెక్క అందకపోతే గరగరమంటూ అదిరినట్టు తెలిసిపోతుంది. ఏ కంప్యూటరూ చేప మొత్తాన్ని సెకనుకి వెయ్యిసార్లు లెక్కగట్టలేదు. అందుకని రెండు లెక్కలు పెట్టాం. వేలు తగిలిన చోట మాత్రమే చిన్న లెక్క, చాలా వేగంగా. చేప మొత్తానికి పెద్ద లెక్క, నిదానంగా. ఆఫీసులో వీటిని చేతి లెక్క, కంటి లెక్క అనేవాళ్ళం. రెండింటికీ ఒకే బిగువు ఉండాలి, ఎందుకంటే చేప ఒకటే కదా. కానీ కంటి లెక్కలో బిగువు తగ్గిస్తే పొట్ట ఒక్కోసారి తొడుగు తిరగేసినట్టు లోపలికి తిరగబడిపోయేది. చిరాకేసి ఆ సంఖ్యని కదలకుండా ఒక చోట కట్టేశాను. తరవాత తీరిగ్గా చూసుకుందామనుకున్నాను. తరవాత మరిచిపోయాను.

మా చేపని పరీక్షించడానికి శిక్షణ కేంద్రం వాళ్ళు ఒక పెద్దాయన్ని పంపించారు. కొల్లేటి ఒడ్డు ఊరు ఆయనది. అరవై దాటి ఉంటాయి. కైకలూరు దగ్గరి హేచరీలో పొట్టలు చూసే పని. ఆయన ఔనన్న చేప గుడ్డు పెట్టకపోవడం ఆ చుట్టుపక్కల ఎవరూ ఎరగరు. గురువారం గురువారం బస్సులో ఏలూరు వచ్చి, అక్కణ్ణుంచి షేర్ ఆటోలో మా ఆఫీసుకి వచ్చేవారు. చేతిలో మూడు గిన్నెల క్యారియరు. చెప్పులు కింద మెట్ల దగ్గరే వదిలేసేవారు. ఎడమ పాదానికి ఎప్పుడూ గుడ్డ కట్టు ఉండేది.

మొదటి గురువారం ఆయన యంత్రపు తొడుగులో వేలు పెట్టి, చేపని తెర మీద వెల్లకిలా తిప్పించి, తదేకంగా చూశారు.

"ఎలా ఉందండీ?" అన్నాను.

"చాలా బాగా చేశారండి. పొలుసు చూడండి, అచ్చం మా చేపేనండి."

"పొట్ట సంగతి?"

ఆయన కొంచెం ఇబ్బంది పడ్డారు. "పొట్ట... కొద్దిగా గట్టిగా ఉందండి. పండిన చేప ఇంత గట్టిగా ఉండదండి."

మంచిది కదా, చపాతీ పిండి కంటే చేప మెత్తన అన్నమాట. ఉత్సాహంగా చేతి లెక్కలో బిగువు తగ్గించాను. మళ్ళీ గురువారం వచ్చారు. మళ్ళీ వెల్లకిలా తిప్పించారు. "ఇంకా గట్టిగానే ఉందండి" అన్నారు. ఇంకా తగ్గించాను. ఆ తరవాతి వారం కూడా అదే మాట. నెలన్నర గడిచేసరికి మా చేప పొట్టకి వేలు పెడితే ఏమీ తగలని స్థితికి వచ్చింది. బొమ్మలమ్మాయి ఒకరోజు తొడుగులో వేలు పెట్టి అటూ ఇటూ ఆడించి, "మేడమ్, నాకు గాలిలో పెట్టినట్టే ఉందండి" అంది.

నాకు కోపం వచ్చింది. "నలభై ఏళ్ళు చేపల మధ్య బతికిన మనిషి ఇంకా గట్టిగా ఉందంటుంటే, పులుసు తినే నువ్వు మెత్తగా ఉందంటావా?" అన్నాను. ఆ అమ్మాయి తొడుగులోంచి వేలు తీసేసింది. ఇరవై ఏళ్ళు క్లాసులో అడ్డు చెప్పేవాళ్ళు లేక పెరిగిన గొంతు నాది. ఆ గొంతు వల్ల ఆ రోజు ఒక మంచి ప్రశ్న మొదట్లోనే చచ్చిపోయింది. ఇది మీరు రాసిపెట్టుకోండి.

ఇంకో రెండు వారాలకి పెద్దాయన తెర వైపు చూసి, నా మొహం వైపు చూసి, "ఆయ్, బాగానే ఉందండి" అన్నారు.

మా గోదావరి పక్క మనిషికి బాగుంది అనడానికీ బాగానే ఉంది అనడానికీ మధ్య ఎంత దూరముందో తెలియనిది కాదు. పెళ్ళిలో వంట బాగానే ఉందన్నారంటే వంటవాడు తల దించుకుని వెళ్ళిపోవాలి. తెలిసి కూడా, శిష్యుడు కాగితం మీద టిక్ కొడుతుంటే ఊరుకున్నాను. అలసిపోయాను. పైగా ఆయన చేత ఔననిపించుకోవాలని అందరికీ ఉంది.

ఆయనకీ ఔననాలనే ఉందని ఆ రోజు భోజనాల దగ్గర తెలిసింది. నేను పెరుగన్నం, ఆయన క్యారియరు. మర్యాదకి నాకు కాస్త ఎడంగా కూర్చునేవారు. కాలికి కట్టేమిటండీ అని అడిగాను.

"సుగరండి. పుండు మానట్లేదండి. నీళ్ళలో నిలబడే పని కదండి, మానడానికి దానికి తీరికేదండి?" అని నవ్వారు. "డాక్టరు గారు గట్టిగానే చెప్పారండి. వచ్చే వానల్లో కూడా చెరువులో దిగితే ఈ బొటనవేలు తీసెయ్యాలంట. అక్కడితో ఆగుతుందని కూడా చెప్పలేనన్నారండి."

"మరి మానెయ్యచ్చు కదండీ."

"మానేసి ఏం చెయ్యనండి మేడమ్ గారూ? నాకు వచ్చింది ఇదొక్కటేనండి. మీ మెషీను వస్తే దాని దగ్గర నిలబడి పిల్లలకి నేర్పడానికి నన్నే పెట్టుకుంటామన్నారండి ఆ సెంటరు వాళ్ళు. ఒడ్డున పని. కాలు పొడిగా ఉంటుందండి."

ఆ మాట తరవాత నేను పెరుగన్నం గిన్నెకి మూత పెట్టేశాను. అప్పటిదాకా మా చేప నాకొక లెక్క. ఆ రోజునుంచి ఆయన బొటనవేలు దాని మీద ఆధారపడి ఉందని తెలిసి పనిచేశాను. ఆ తెలివిడి నన్ను ఇంకా జాగ్రత్తపరురాలిని చెయ్యాల్సింది. చెయ్యలేదు. టిక్ పడిపోయింది కదా అని ఊపిరి పీల్చుకునేలా చేసింది, అంతే.

తొలకరి పడింది. హేచరీలో తల్లి చేపల్ని పట్టే రోజునే మా చేపని కూడా అక్కడ చూపించాలని కేంద్రం ఇన్‌చార్జి గారు ముహూర్తం పెట్టారు. కారు వెనక సీట్లో తెర, ముందు సీట్లో నా ఒళ్ళో యంత్రపు చెయ్యి. శిష్యుడు నడుపుతున్నాడు. ఇరుపక్కలా చేపల చెరువులు, గట్ల మీద మేత బస్తాలు, ఐసు లారీలు. ఇన్‌చార్జి గారు పదకొండింటికి వస్తారు. మేం తొమ్మిదిన్నరకే చేరాం.

షెడ్డులో నీళ్ళ తొట్టెలు, వాటిలో అయిదు తల్లి చేపలు. ఒక్కోటీ మా ఇంటి పచ్చడి జాడీ అంత లావు. పెద్దాయన మోకాళ్ళదాకా పంచె ఎగ్గట్టి తొట్టిలోనే నిలబడి ఉన్నారు. కట్టు తడిసిపోయింది. 

ఎందుకో ఆ క్షణంలో నాకు చేపని పట్టుకోవాలనిపించింది. భక్తి కాదు, ధైర్యం కాదు, వట్టి కుతూహలం. ఏడాది పాటు ఒక మనిషి గురించి ఉత్తరాలు రాసి, ఆ మనిషి ఎదురుగా నిలబడితే పలకరించకుండా ఎలా ఉంటాం?

"ఏవండీ, నేనొకసారి ముట్టుకోవచ్చా?"

"మీరా అండి?" పెద్దాయన కంగారుపడిపోయారు. "మీరు ముట్టుకుంటారా అండి? నీచండి మేడమ్ గారూ, వాసన పోదండి."

"పోకపోతే ఉంటుంది."

ఆయన ఒక చేపని తడిపిన స్పాంజి మీద వెల్లకిలా పెట్టి, తడిగుడ్డతో దాని కళ్ళు కప్పి పట్టుకున్నారు. నేను కొంగు బిగించి రెండు వేళ్ళు పొట్ట మీద పెట్టాను. చల్లగా ఉంది. మెల్లగా నొక్కాను. చేప నా వేళ్ళని నెట్టింది. మెత్తనే, కానీ నిండుగా, బరువుగా, లోపల ఎవరో ఉన్నట్టు తిరిగి నెట్టింది. గాలి కాదు. గాలికీ దీనికీ సంబంధమే లేదు.

 మా యంత్రం మీద నేర్చుకున్న పిల్లలు అసలు చేప మీద చెయ్యి వేస్తే, ఏ చేపని ముట్టుకున్నా పండలేదనే చెబుతారు.

"ఇది మన మెషీనులా లేదు కదండీ" అన్నాను.

ఆయన అప్పటికే చేపని తిరిగి తొట్టిలోకి దించుతున్నారు. తొట్టి అంచు రేకు చిట్లి ఉంది. ఆయన చూపుడువేలు దాని మీద పడి చర్మం చీరుకుపోయింది. నీళ్ళలో రక్తం తీగలా సాగింది. ఆయన చెయ్యి తీసుకోలేదు. మొహంలో మార్పు లేదు. నేను చెబితే గానీ కిందకి చూసుకోలేదు.

శిష్యుడు కారులోంచి తెర మోసుకొస్తున్నాడు. షెడ్డులో మేమిద్దరమే ఉన్నాం.

"ఎన్నాళ్ళనుంచండీ?" అన్నాను.

ఆయన వేలికి గుడ్డ చుట్టుకున్నారు. "పోయిన వానలకి ముందు నుంచండి. సుగరుకి వేళ్ళు మొద్దుబారిపోయాయండి. వేడో చల్లనో కూడా తెలియదండి. ఎవరికీ చెప్పలేదండి. మా ఆవిడకి కూడా చెప్పలేదు."

"మరి పోయిన వానల్లో హేచరీలో పొట్టలన్నీ మీరే చూశారుగా? ఒక్కటి కూడా తప్పు పోలేదన్నారు."

"ఆయ్, నేనే చూశానండి."

"ఎలా చూశారు?"

"చూశానండి."

"అదేనండీ, ఎలా చూశారు అంటున్నాను."

ఆయన నావైపు జాలిగా చూశారు. లెక్కలు చెప్పిన మనిషికి ఇంత చిన్న సంగతి అర్థం కాదేమిటన్నట్టు. "కళ్ళతోనండి" అన్నారు.

 మన భాషలో అన్నీ చూస్తాం. నాడి చూస్తాం, ఉప్పు చూస్తాం, వాసన చూస్తాం, మామిడిపండు నొక్కి చూస్తాం. కళ్ళతో చూసేది వీటిలో ఒక్కటీ లేదు. అందుకే ఆయన పొట్ట చూస్తానంటే కంటితో అని మాలో ఒక్కరికీ తట్టలేదు. తెలుగు పండితుడి కూతురినైన నాకు కూడా.

"నొక్కడం పక్కవాళ్ళ తృప్తికండి" అన్నారాయన. "వేళ్ళు బాగున్నప్పుడు కూడా సగం కళ్ళతోనే చెప్పేవాణ్ణి. ఇటు రండి." ఇంకో చేపని స్పాంజి మీద వెల్లకిలా వేసి చెయ్యి వదిలారు. "పొట్ట ఏం చేస్తోందో చూడండి. రెండు పక్కలకీ జారిందా? మధ్యలో సన్నగా గాడి పడిందా? లోపల గుడ్డు దేనికది విడిపోయిందన్నమాటండి, అందుకని పక్కలకి ఒరుగుతుంది. ఇప్పుడు దీన్ని చూడండి." మూడో చేపని తిప్పారు. దాని పొట్ట ఎత్తుగా అలాగే నిలబడి ఉంది. "ఇది లావేనండి, పండలేదు. లోపలిది ఇంకా ముద్దే."

నానబెట్టిన సగ్గుబియ్యం మూటకీ పిండిముద్దకీ ఉన్న తేడా అది. అంతసేపూ నా కళ్ళముందే ఉంది. ఆయన గురువారం గురువారం గట్టిగా ఉందన్నది తెర మీద బొమ్మని. చేపని వెల్లకిలా తిప్పినా పొట్ట ఒరగట్లేదని. నేను కదలకుండా కట్టేసిన సంఖ్య అది. ఆయన చెప్పినకొద్దీ నేను తగ్గించింది చేతి లెక్కని, ఆయనకి అసలు తెలియని దాన్ని. అన్ని వారాలు తెర మీద ఒక్క చుక్క కూడా మారలేదు. మారకపోయినా నా మొహం చూసి ఆయన బాగానే ఉందన్నారు.

నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. గడియారం చూస్తే పదింపావు.

అప్పుడు ఆయన నెమ్మదిగా అన్నారు. "మేడమ్ గారూ, వేళ్ళ సంగతి ఇన్‌చార్జి గారికి చెప్పకండి. మీకు దణ్ణం పెడతాను."

"నేను చెప్పనండి" అన్నాను. ఆ మాట ఇచ్చేటప్పుడు అది సరైన పనో కాదో ఆలోచించలేదని ఇక్కడ ఒప్పుకుంటున్నాను. నాకు ఆ తడిసిన కట్టు తప్ప ఇంకేం కనపడలేదు.

తెర బల్ల మీద పెట్టించి, కట్టేసిన సంఖ్యని విప్పాను. బిగువు తగ్గించాను. పొట్ట లోపలి చుక్కలకి బరువు పెంచాను. చేప తిరిగింది, పొట్ట తొడుగులా తిరగబడింది. శిష్యుడు కళ్ళు మూసుకున్నాడు. ఇంకోటి మార్చాను, మళ్ళీ తిరగబడింది. పక్కనే స్టూలు మీద కూర్చుని పెద్దాయన చూస్తున్నారు. నాలుగోసారో అయిదోసారో, చేప వెల్లకిలా తిరిగింది, పొట్ట ఒక క్షణం ఆగింది, తరవాత బద్ధకంగా రెండు పక్కలకీ ఒరిగింది. మధ్యలో సన్నటి గాడి.

పెద్దాయన లేచి నిలబడ్డారు. "అదండీ! అదీ!" అన్నారు. ఇన్నాళ్ళలో ఆయన గొంతు పెరగడం అప్పుడే విన్నాను.

ఇన్‌చార్జి గారు సరిగ్గా టైముకే వచ్చారు. మంచివారే, తొందర మనిషి. నేను ముందుగానే చెప్పేశాను: "సార్, చేతి భాగంలో నా లెక్క తప్పింది. అది ఇంకా సిద్ధం కాలేదు. తెర భాగం చూడండి." ఆయన మొహం ముడుచుకుంది. ముట్టుకుని నేర్చుకునే యంత్రం కదా ఆయన అడిగింది. అయినా చూశారు, బాగుందన్నారు, ఫోను బయటికి తీశారు.

"పెద్దాయన గారూ, ఒక చిన్న వీడియో తీద్దాం. మీరు కళ్ళు మూసుకుని, చేత్తో పట్టి, ఏ చేప పండిందో చెప్పండి. పైవాళ్ళకి పంపిస్తే మీ పోస్టు సంగతి వెంటనే తేలిపోతుంది."

పెద్దాయన నావైపు చూశారు. నేను నోరు తెరవబోయాను. కళ్ళు మూయడం ఎందుకులెండి, వెలుతురు బాగుంది, చేపలకి ఇబ్బంది అని ఏదో ఒకటి అల్లడానికి సిద్ధంగానే ఉన్నాను. ఆయన చెయ్యి కొద్దిగా ఎత్తి నన్ను ఆపారు.

"కళ్ళు మూసుకుంటే నాకేం రాదండి" అన్నారు. "నా వేళ్ళు పోయి ఏడాది దాటిందండి. ఈ మేడమ్ గారి లెక్క తప్పలేదు. నేను తెలియకుండానే చెప్పానండి, ఈవిడ నమ్మారు. తప్పు నాది."

 ఇన్‌చార్జి గారు ఫోను దించేశారు.  హేచరీ మేస్త్రీ తలుపు దగ్గర నిలబడి అంతా విన్నాడు. అంటే ఉన్న పని కూడా పోయినట్టే.

పెద్దాయన రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నారు. మేస్త్రీ వైపు తిరిగి, "బాబూ, నువ్వు ఒక్కోటీ తిప్పి చూపించు. నేను ముట్టుకోను" అన్నారు.

అయిదు చేపలు. మేస్త్రీ ఒక్కోదాన్నీ స్పాంజి మీద వెల్లకిలా వేసి వదిలాడు. పెద్దాయన కాస్త వంగి, కళ్ళు చిట్లించి, ఒక్కో చేప దగ్గర మహా అయితే రెండు నిమిషాలు. "పండింది. పండింది. ఇది లేదు. పండింది. ఇదీ లేదు, దీనికి పదిరోజులు పడుతుంది." మేస్త్రీ తన వేళ్ళతో నొక్కి, నాలుగు పండాయన్నాడు. రెండోసారి కూడా నొక్కి, నాలుగే అన్నాడు. ఇన్‌చార్జి గారు ఇద్దరి లెక్కా రాసుకున్నారు. మేస్త్రీ చెప్పిన నాలుగింటికీ ఇంజక్షన్ చేశారు.

మర్నాడు పొద్దున్నే నేను కాఫీ డికాక్షన్ దించుతుండగా ఫోను మోగింది. పెద్దాయన కాదు, మేస్త్రీ. "మేడమ్ గారూ, మూడే పెట్టాయండి" అన్నాడు. కాస్త ఆగి, "ఆయన చెప్పిన మూడేనండి" అన్నాడు. ఆ నాలుగోది బతికిందా అని అడిగాను. బతికిందట, చెరువులో వదిలేశారట.

ఆ తరవాత రెండు వారాలు కేంద్రం నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. నేను ఆ రెండు వారాలు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. మేస్త్రీ పెద్దాయన్ని పనిలోంచి తియ్యలేదని, ఆయన ఆ వానల్లో చెరువులో దిగుతూనే ఉన్నారని నాకు తెలుసు. బొమ్మలమ్మాయి దగ్గరికి వెళ్ళి, ఆ రోజు నువ్వు చెప్పిందే నిజమమ్మా, నేను అరిచాను అన్నాను. "పోనీలెండి మేడమ్" అంది. అంత తేలిగ్గా వదిలేసినందుకు నాకు ఇంకా సిగ్గేసింది.

చివరికి ఉత్తరం వచ్చింది. ముట్టుకునే భాగం అక్కర్లేదు, తెర భాగం మాత్రం తీసుకుంటామన్నారు. నేర్పడానికి ఆయన్నే పెట్టుకుంటామన్నారు. శిష్యుడు అది చదివి నా మొహంలోకి భయంగా చూశాడు. ఏడాది పాటు నేను రాసిన చేతి లెక్క, నా ఉద్యోగజీవితం మొత్తంలో అంతకంటే అందమైన లెక్క నేను రాయలేదు, బీరువాలోకి వెళ్ళిపోయింది. యంత్రపు చెయ్యి కూడా. బాధ కలగలేదంటే అబద్ధం. రెండు రోజులు కలిగింది.

మీరు మెత్తటి వస్తువులు తయారుచేసేటప్పుడు, తెలిసినవాళ్ళు మెత్తన అంటే దేన్ని అంటున్నారో అడగండి. వేలితోనా, కంటితోనా, ఇంకెలాగైనానా అని అడగండి. అడిగితే వాళ్ళకి కోపం రాదు. మనకే మొహమాటం.

శీతాకాలంలో ఒకరోజు శిక్షణ కేంద్రానికి వెళ్ళాను, తెర భాగంలో ఏదో చిన్న మరమ్మతు ఉందంటే. హాల్లో ఇరవై మంది పిల్లలు గుండ్రంగా నిలబడి ఉన్నారు. మధ్యలో పెద్దాయన, చేతులు వెనక్కి కట్టుకుని. తెర మీద మా చేప వెల్లకిలా తిరుగుతోంది. "ఎవరూ వేలు పెట్టద్దు. ముందు చూడండి. చూశారా? ఇంకాసేపు చూడండి" అంటున్నారు. ఒక పిల్ల అది పండిందండీ అంటే, "ఎందుకు పండిందో చెప్పు తల్లీ" అని అడుగుతున్నారు. ఆ పిల్ల చెప్పలేకపోతే చేపని మళ్ళీ మొదటినుంచి తిప్పించారు.

క్లాసు అయ్యాక నన్ను చూసి గబగబా వచ్చారు. ఉతికిన తెల్ల చొక్కా, కాళ్ళకి బూట్లు. బూట్లలో ఆయన నడక కొంచెం కొత్తగా ఉంది. ఆరోగ్యం ఎలా ఉందని అడగాలని నాకుంది, అడగడానికి భయంగా ఉంది. ఆయన నా చూపు ఎటు పోతోందో గమనించి, పక్కనే ఉన్న కుర్చీలో కూర్చుని, ఎడమ బూటు విప్పి మేజోడు లాగేశారు. అయిదు వేళ్ళూ ఉన్నాయి.

"డాక్టరు గారు ఉంచేశారండి" అన్నారు.